పెద్ద రిట్రీవర్ కుక్కల రోజువారీ సంరక్షణ, వ్యాయామం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ల కోసం. ఫ్లాట్‌కోటెడ్, కర్లీకోటెడ్, చెసపీక్ బే రిట్రీవర్లకు కూడా చాలావరకు వర్తిస్తాయి. ఎదిగిన కుక్క సాధారణంగా 25 నుంచి 36 కిలోలు తూగుతుంది. వేటగాడు కొట్టిన పక్షిని నీళ్లలోంచి, పొదల్లోంచి వెతికి తేవడానికి పెంచిన జాతులివి. తిండి దగ్గరైనా ఆట దగ్గరైనా ఇవి తమంతట తాము ఆగడం అరుదు. ఎక్కడ ఆపాలో చూసుకోవాల్సింది పెంచేవాళ్లే. కింద చెప్పిన జాగ్రత్తల్లో సగం దాని గురించే.

ఎదిగిన కుక్కని రోజుకి ఎంతసేపు తిప్పాలి?

ఏడాదిన్నర దాటిన ఆరోగ్యమైన కుక్కకి రోజు మొత్తం మీద గంటన్నర నుంచి రెండు గంటలు, ఉదయం సాయంత్రం రెండు విడతలుగా. ఈ సమయమంతా పరుగే అక్కర్లేదు. లీష్ పట్టుకుని నడక 40 నిమిషాలు, లీష్ విప్పి స్వేచ్ఛగా తిరగడమో ఈతో 30 నిమిషాలు, వాసన పట్టి వెతికే ఆటో శిక్షణో 15 నిమిషాలు: ఒక విడతకి ఇది మంచి పాళ్లు. రెండో విడత ఇందులో సగం కంటే తక్కువైనా చాలు. వేట పోటీల వంశాల్లో పుట్టినవాటికి ఇంకాస్త ఎక్కువ కావాలి. బరువైన శరీర నిర్మాణంతో ఉండే ప్రదర్శన వంశాలవి కొన్ని గంటతో కూడా సరిపెట్టుకుంటాయి.

సరిపోయిందో లేదో గడియారం కంటే కుక్కే బాగా చెబుతుంది. ఇంటికొచ్చి నీళ్లు తాగి, అరగంటలో పడుకుని, మర్నాడు పొద్దున బిగుసుకుపోకుండా లేస్తే సరిపోయినట్టే. లేచిన మొదటి నాలుగడుగులు కుంటుతూ వేస్తే ఎక్కువైంది. ఎంత పరిగెత్తించినా ఇంట్లో కుదురుగా ఉండకపోతే ఇంకా పరిగెత్తించడం మందు కాదు. దానివల్ల దమ్ము పెరుగుతుంది, కుదురు రాదు. అలాంటి కుక్కకి మెదడుకి పని పెట్టాలి, చాప మీద ఊరికే పడుకోవడం నేర్పాలి.

వారమంతా పది నిమిషాలు తిప్పి, సెలవురోజు మూడు గంటలు పరిగెత్తించే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. కండరాలు, కీలు బంధాలు దెబ్బతినేది ఇలాంటి రోజుల్లోనే.

కుక్కపిల్లకి ఎంత వ్యాయామం?

ఎముకల చివర మెత్తగా ఉండే ఎదుగుదల పలకలు ఈ జాతుల్లో మూసుకోవడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అంతదాకా ఒకే కదలికని గట్టి నేల మీద పదేపదే చేయించకూడదు.

వయసు ఎన్ని నెలలైతే అన్ని అయిదు నిమిషాలు, అంటే నాలుగు నెలల పిల్లకి 20 నిమిషాలు, అనే లెక్క బాగా ప్రచారంలో ఉంది. ఇది శాస్త్రం తేల్చిన నియమం కాదు, అనుభవం మీద పెట్టుకున్న హద్దు. లీష్ పట్టి నడిపించేటప్పుడు పాటిస్తే మంచిదే, ఎందుకంటే అక్కడ వేగం, దూరం మనవి; పిల్ల అలిసినా మన వెనకే వస్తుంది. గడ్డి మీద తన ఇష్టానికి ఆడుకునేటప్పుడు ఈ లెక్క అవసరం లేదు. పిల్లలు కాసేపు దూకి, కాసేపు వాసన చూసి, అక్కడే కూలబడతాయి. ఆ కూలబడటాన్ని గౌరవిస్తే చాలు.

మెట్ల విషయం మాత్రం పట్టించుకోవాలి. 2012లో వెలువడిన నార్వే అధ్యయనంలో, మూడు నెలల వయసులోపు రోజూ మెట్లెక్కి దిగిన పెద్ద జాతి పిల్లల్లో తుంటి కీలు లోపం ఎక్కువగా కనిపించింది. ఎగుడుదిగుడు మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువగా ఉంది. అధ్యయనంలో లాబ్రడార్లు కూడా ఉన్నాయి. కాబట్టి చిన్నప్పుడు మెట్ల దగ్గర ఎత్తుకోండి: ఒక చేయి ఛాతీ కింద, ఒకటి పిరుదుల కింద. కారులోంచి, మంచం మీంచి దూకనివ్వకండి. నున్నటి టైల్స్ మీద ఎక్కువగా తిరిగే దారిలో చాపలు పరవండి. జారినప్పుడల్లా తుంటి మీద పక్కకి లాగుడు పడుతుంది.

నాతో పాటు జాగింగ్‌కి, సైకిల్ పక్కన పరుగుకి తీసుకెళ్లొచ్చా?

ఏడాదిన్నర నిండాక, తుంటి, మోచేతి కీళ్లు బాగున్నాయని వెట్ (పశువైద్యుడు) చూశాక. మొదటి వారం ఒకటి రెండు కిలోమీటర్లు, మట్టి దారి మీద. ఆ తర్వాత మెల్లగా పెంచండి. సైకిల్ వేగం కుక్క ట్రాట్‌ని, అంటే నడకకీ పరుగుకీ మధ్య ఉండే వేగాన్ని, దాటకూడదు. అది గంతులు వేస్తూ పరిగెత్తుతోందంటే మీరు వేగంగా పోతున్నట్టు.

రోజూ బంతి విసిరితే సరిపోదా? దానికి అదే ఇష్టం.

ఇష్టమే కాబట్టే జాగ్రత్త అవసరం. బంతి ఆటలో కుక్కకి ఎక్కువ దెబ్బ తగిలేది పరుగులో కాదు, చివర్లో. పూర్తి వేగంతో వెళ్లి ఒక్కసారిగా ఆగుతుంది, నడుం మెలిపెట్టి తిరుగుతుంది, లేదా గాల్లోకి ఎగిరి వెనక కాళ్ల మీద వాలుతుంది. మోకాలి లోపలి క్రూసియేట్ బంధం తెగడం ఈ జాతుల్లో సాధారణం. బరువెక్కువున్న కుక్కకి ముప్పు ఇంకా ఎక్కువ. పైగా బంతిని దూరంగా విసిరే కర్రతో 40 సార్లు విసిరితే ప్రతిసారీ అదే మెలి, అదే కాలు మీద.

ఆటని ఇలా మార్చండి. ముందు పది నిమిషాలు మామూలు నడక, ఒళ్లు వేడెక్కడానికి. బంతిని ఎత్తుగా కాకుండా నేల మీద దొర్లేలా వేయండి. కుక్కని కూర్చోబెట్టి, బంతి పూర్తిగా ఆగాక పంపండి. ఆగిన వస్తువు దగ్గరికి వెళ్లే కుక్క ముందుగానే వేగం తగ్గించుకుంటుంది. ఎనిమిది పది సార్లతో ఆపేయండి. ఆపిన తర్వాత ఒకసారి పొడవాటి గడ్డిలో దాచి వెతకమనండి. నిజానికి ఈ జాతి పుట్టిందే ఆ పనికి: ఒక్క వెతుకులాట అయిదారు విసుర్ల పెట్టు.

టెన్నిస్ బంతి పైనుండే నూగు ఇసుక పట్టి ఆకురాయిలా పళ్లని అరగదీస్తుంది. నున్నటి రబ్బరు బంతి వాడండి. గొంతులో ఇరుక్కోకుండా కనీసం ఆరున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి, పెద్ద తలకాయ కుక్కకి ఇంకా పెద్దది. కర్రలు విసరొద్దు. నేలలో గుచ్చుకుని నిలబడ్డ కర్ర మీదికి పరిగెత్తి గొంతు చీరుకుపోయిన కేసులు వెట్లకి కొత్త కాదు.

ఎండలో ఎప్పుడు తిప్పాలి? వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

సూర్యోదయానికి ముందు లేదా నేల చల్లారాక. అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే అది పాదాలకి కూడా కాలుతుంది. కుక్క ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని ముఖ్యంగా రొప్పుతూనే వదులుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు రొప్పినా చల్లబడదు. అందుకే ఎండ లేని ఉక్క రోజు కూడా ప్రమాదమే.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. నాలుక వెడల్పుగా చివర గరిటెలా సాగి వేలాడటం, చిగుళ్లు ఎర్రబడటం, నీడ కనబడగానే పడిపోవడం మొదటి గుర్తులు. ఆట అక్కడితో ఆపాలి. తూలడం, చిక్కటి చొంగ, వాంతి వచ్చాయంటే ప్రాణాపాయం. అప్పుడు:

1. నీడలోకి మార్చి, వెంటనే ఒళ్లంతా నీళ్లు పోయండి. కుళాయి నీళ్లు చాలు. పొట్ట, తొడల లోపలి వైపు, ఛాతీ బాగా తడవాలి.
2. ఫ్యాన్ పెట్టండి లేదా విసరండి. తడి మీద గాలి ఆడితేనే వేడి పోతుంది.
3. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి. కాసేపటికి అదే దుప్పటిలా వేడిని లోపల బంధిస్తుంది.
4. తాగగలిగితే నీళ్లు దగ్గర పెట్టండి, నోట్లో పోయకండి.
5. చల్లార్చడం మొదలుపెట్టాకే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కూడా గాలి తగలనివ్వండి. ఒంటి వేడి 39.5కి దిగాక నీళ్లు పోయడం ఆపండి.

లేచి తోక ఊపినా వెట్‌కి చూపించాల్సిందే. మూత్రపిండాలకి, రక్తం గడ్డకట్టే వ్యవస్థకి జరిగిన హాని గంటల తర్వాత బయటపడుతుంది.

ఈత ఎలా మొదలుపెట్టాలి?

ఒడ్డు ఏటవాలుగా, నీళ్లు నిశ్చలంగా ఉన్న చోట, మీరూ దిగి. ఎత్తి నీళ్లలో వేయకండి. మొదట్లో రెండు మూడు నిమిషాలు ఈదాక ఒడ్డుకి పిలవండి. వెనక భాగం మునిగిపోయి, ముందు కాళ్లు నీటిని పైపైన కొడుతుంటే అలిసినట్టు లెక్క, లేదా ఇంకా ఈత పట్టుబడలేదు. లైఫ్ జాకెట్ తొడగండి. కీళ్ల నొప్పులున్న కుక్కకి ఈతని మించిన వ్యాయామం లేదు.

నీళ్లలో బొమ్మ వేసి గంటసేపు తెప్పించడంలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. తెచ్చిన ప్రతిసారీ కొన్ని గుక్కలు లోపలికి పోతాయి. మంచినీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోతే కుక్క తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, చూపు గాజులా నిలిచిపోతుంది, మూర్ఛ వస్తుంది. వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. పది పదిహేను నిమిషాలకోసారి ఒడ్డున విశ్రాంతి ఇవ్వండి. లావు బంతికి బదులు నోరు ఎక్కువగా తెరవక్కర్లేని పలచటి, చదునైన బొమ్మ వేయండి. పైపు నీళ్లని కొరుకుతూ ఆడే కుక్కలకి కూడా ఇదే ముప్పు.

ఈత మర్నాడు తోక మొదట్లో కాస్త బయటికి వచ్చి, అక్కడినుంచి చచ్చుబడ్డట్టు వేలాడుతుంటే కంగారు పడకండి. చన్నీటి ఈత తర్వాత, లేదా మితిమీరి ఆడాక తోక కండరాలు దెబ్బతిని ఇలా అవుతుంది. విశ్రాంతినిస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి మందు వెట్ రాసిందే వాడాలి. మనుషుల పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకి విషం.

ఆడుతూ ఆడుతూ వెనక కాళ్లు తడబడి కూలిపోయింది. ఎందుకు?

వడదెబ్బ కావచ్చు, గుండె జబ్బు కావచ్చు. లాబ్రడార్లలో మూడో కారణం ఒకటుంది: డైనమిన్ 1 జన్యువులో లోపం వల్ల వచ్చే, వ్యాయామంతో కూలిపోయే జబ్బు. మామూలు నడకలో ఏ తేడా ఉండదు. ఉత్సాహం పట్టలేని ఆటలో అయిదు నుంచి 15 నిమిషాలకి వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, స్పృహ ఉంటుంది, విశ్రాంతినిస్తే అరగంటలోపు చాలావరకు తేరుకుంటుంది. కొన్ని ఆగకుండా ఆడి చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కాలు తడబడిన క్షణంలోనే ఆట ఆపి చల్లబరచాలి. 2008లో ఈ జన్యులోపాన్ని గుర్తించాక పరీక్ష అందుబాటులోకి వచ్చింది. లోపం ఉందని తేలిన కుక్క నడకతో, వాసన ఆటలతో హాయిగా బతుకుతుంది. బంతి మాత్రం అటకెక్కాలి.

రోజుకి ఎంత తిండి పెట్టాలి?

సంచి మీద అచ్చేసిన పట్టిక కంటే ఈ లెక్క మేలు. కుక్క ఉండాల్సిన బరువుని కిలోల్లో తీసుకోండి. క్యాలిక్యులేటర్‌లో దాన్ని దానితోనే మూడుసార్లు గుణించినట్టు వేసి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కి, 70తో గుణించండి. 30 కిలోల కుక్కకి: 30×30×30 అంటే 27,000, వర్గమూలం 164.3; మళ్లీ వర్గమూలం 12.8, 70తో గుణిస్తే సుమారు 900 కిలో కేలరీలు. ఇది ఊరికే పడుకుని ఉండటానికి పట్టే శక్తి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే రిట్రీవర్‌కి దీన్ని 1.4తో, బాగా పరిగెత్తేదానికి 1.6 నుంచి 1.8తో గుణించాలి. 1.4తో 1,260 వస్తుంది. మీ పొడి ఆహారంలో 100 గ్రాములకి 360 కిలో కేలరీలుంటే రోజుకి 350 గ్రాములు.

గ్లాసుతో కాదు, వంటింటి త్రాసుతో తూచండి. గ్లాసు కొలతలో తెలియకుండానే 20, 30 గ్రాములు ఎక్కువ పడతాయి. ఏడాదికి అది కిలోల కొవ్వు. శిక్షణలో ఇచ్చే తాయిలాలు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అవి కూడా 350 గ్రాముల్లోంచే తగ్గాలి. ఆరు నెలలదాకా రోజుకి మూడు పూటలు, తర్వాత రెండు. పిల్లకి పెద్ద జాతుల పిల్లల కోసం చేసిన ఆహారమే పెట్టండి, దాని మీద కాల్షియం మాత్రలు వేయకండి. ఎదిగే పెద్ద జాతి పిల్ల పేగులు అదనపు కాల్షియాన్ని వదిలించుకోలేవు. ఎముకలు వంకర పోవడానికి అదొక కారణం.

తిన్న అయిదు నిమిషాలకే మళ్లీ ఆకలన్నట్టు చూస్తుంది. నిజంగా ఆకలేనా?

కొన్నిటికి నిజంగానే. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో కనుగొన్నారు. ఫ్లాట్‌కోటెడ్ రిట్రీవర్లలోనూ ఇది ఉంది. ఈ లోపమున్న కుక్కకి రెండు పూటల మధ్య ఆకలి ఎక్కువ. పడుకున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తక్కువని 2024లో తేలింది. అంటే దాని చూపు అబద్ధం కాదు, కానీ ఆ చూపుని బట్టి పెట్టడం తప్పు. తిండిని గిన్నెలో కుమ్మరించకుండా పజిల్ బొమ్మల్లో, గడ్డిలో చల్లి, రోజంతా కొంచెం కొంచెం సంపాదించుకోనివ్వండి.

బరువు విషయంలో కఠినంగా ఉండటానికి గట్టి ఆధారముంది. 48 లాబ్రడార్లని జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, జతగా ఎంచిన తోబుట్టువుల కంటే పాతిక శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లవాతం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది.

లావైందని ఎలా తెలుస్తుంది?

పక్కటెముకల మీద వేళ్లు ఆనించండి. పిడికిలి బిగించి కణుపులు తడిమితే ఎలా ఉంటుందో అలా తగిలితే బక్కది. వేళ్లు చాచి అరచేతి వెనక వైపు తడిమినట్టుంటే సరైన బరువు. అరచేతి కండ తడిమినట్టుంటే లావు. పైనుంచి చూస్తే నడుం లోపలికి ఉండాలి. గోల్డెన్ బొచ్చు కళ్లని మోసం చేస్తుంది కాబట్టి చేత్తోనే చూడాలి. తగ్గించేటప్పుడు వారానికి బరువులో ఒకటి, రెండు శాతం మించొద్దు.

తిన్న వెంటనే ఆడించకూడదంటారు, ఎందుకు?

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదముంది. తిన్నాక కనీసం గంట ఆట వద్దు. గబగబా మింగే కుక్కకి మిట్టలున్న గిన్నె వాడండి. ఏమీ బయటికి రాకుండా పదేపదే ఓకరించడం, పొట్ట డప్పులా బిగుసుకోవడం, కుదురుగా పడుకోలేకపోవడం కనిపిస్తే పొద్దుటిదాకా ఆగొద్దు. అది గంటల్లో ప్రాణం తీస్తుంది, ఆపరేషన్ ఒక్కటే దారి.

ఇల్లంతా బొచ్చే. గుండు చేయించేస్తే?

వద్దు. రిట్రీవర్లలో చాలావాటికి రెండు పొరల బొచ్చు. పైది నీటిని, ఎండని ఆపుతుంది. లోపలిది గాలిని పట్టి ఉంచుతుంది. మెషిన్ పెడితే చర్మం ఎండకి కాలుతుంది, తిరిగి వచ్చే బొచ్చు కొన్నిసార్లు అతుకులు అతుకులుగా మొలుస్తుంది. రాలడం ఆగదు, రాలే వెంట్రుకలు పొట్టివవుతాయి, అంతే.

లాబ్రడార్‌ని వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో, గోల్డెన్‌ని మూడు నాలుగుసార్లు సన్నటి తీగపళ్లుండే స్లిక్కర్ బ్రష్‌తో, తర్వాత లోహపు దువ్వెనతో దువ్వండి. ఏడాదిలో రెండుసార్లు లోబొచ్చు గుత్తులుగా ఊడుతుంది. ఆ మూడు వారాలు రోజూ దువ్వాలి. గోల్డెన్‌కి చిక్కులు పడేది చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ఉండే కుచ్చుల్లో. అక్కడ పైపైన దువ్వితే లాభం లేదు, బొచ్చుని పాయలుగా తీసి చర్మం దాకా దువ్వాలి. పాదాల కింద మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు మాత్రం కత్తిరించండి, నున్నటి నేల మీద జారదు.

స్నానం ఎన్నాళ్లకోసారి?

ఆరు నుంచి ఎనిమిది వారాలకి, కుక్కల షాంపూతో. స్నానానికి ముందే దువ్వండి, తడిస్తే చిక్కు ముడిపడుతుంది. షాంపూ పెట్టినంతసేపుకి రెట్టింపు సేపు కడగండి. అసలు పని ఆరబెట్టడం. లోబొచ్చు తడిగా మిగిలితే చెంప కింద, తుంటి మీద ఒక్కరాత్రిలో రసి కారే పుండు లేస్తుంది. అలా లేస్తే చుట్టూ బొచ్చు కత్తిరించి, నాకకుండా మెడ చుట్టూ గరాటులాంటి కాలర్ వేసి వెట్‌కి చూపించండి.

చెవులు వాసనొస్తున్నాయి.

వేలాడే చెవి కింద గాలాడదు, తడి ఆరదు. ఈత, స్నానం తర్వాత ప్రతిసారీ, మామూలుగా రెండు వారాలకోసారి శుభ్రం చేయండి. చెవి ఎత్తి, కుక్కల చెవి ద్రావణం నిండుగా పోసి, చెవి మొదలుని అర నిమిషం మర్దన చేయండి. బుడబుడమని చప్పుడు రావాలి. తల విదిలించుకోనిచ్చి, కనిపించినంత మేర దూదితో తుడవండి. ఇయర్ బడ్స్ మురికిని లోపలికి తోస్తాయి.

వాసన, గోధుమరంగు గులిమి, ఎరుపు ఉంటే ఇంట్లో ఏదీ పోయకండి. కర్ణభేరి చిరిగి ఉండొచ్చు. పదేపదే చెవి పోటు వస్తోందంటే ఈ జాతుల్లో వెనక తరచు అలెర్జీ ఉంటుంది. చెవి మందు ఒక్కటే వాడితే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

గోళ్లు, పళ్లు?

నడుస్తుంటే నేల మీద టకటకమంటే గోళ్లు పెరిగినట్టే. మూడు వారాలకోసారి, కొసలు రెండేసి మిల్లీమీటర్లు. నల్ల గోరులో నరం కనబడదు. కోసిన చోట మధ్యలో బూడిదరంగు చుక్క కనిపించగానే ఆపండి. ముందు కాలి లోపలి వైపు, పాదానికి పైన ఉండే గోరు నేలకి అరగదు, దాన్ని మర్చిపోతే వంగి చర్మంలో దిగుతుంది. పళ్లు రోజూ తోమాలి, కుక్కల పేస్టుతోనే. కొమ్ములు, గట్టి ఎముకలు నమలనిస్తే పై దవడ పెద్ద పన్ను చీలుతుంది. గోరు దిగనంత గట్టి వస్తువేదీ ఇవ్వకండి.

లీష్ లాగేస్తుంది.

ముప్పై కిలోల కుక్కతో బలంలో పోటీ పడలేం. లీష్ బిగిసిన క్షణం నిలబడిపోండి. వదులయ్యేదాకా కదలకండి, వదులైతే ముందుకి, పక్కకొస్తే తాయిలం. మొదటి వారం 20 నిమిషాల్లో 50 మీటర్లు కూడా సాగదు, అది మామూలే. ఒక్కరోజు తొందరపడి లాగనిస్తే, ఎప్పుడో ఒకప్పుడు లాగితే పనవుతుందని నేర్చుకుంటుంది. ముందు వైపు కొక్కెమున్న హార్నెస్ (మెడకి బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ) మెడ మీద ఒత్తిడి తగ్గిస్తుంది. అది భుజం కదలికకి అడ్డం పడకూడదు.

కనిపించిందల్లా మింగేస్తుంది.

సాక్సులు, పండ్ల టెంకలు, మొక్కజొన్న కండెలు పేగుకి అడ్డంపడి ఆపరేషన్ దాకా తెచ్చేవి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ విషాలు. నోట్లో ఏదో ఉందని వెంటపడితే దాచుకోవడానికి గబుక్కున మింగుతుంది. తెచ్చి ఇవ్వడం దీని రక్తంలోనే ఉంది కాబట్టి, చిన్నప్పటినుంచి 'ఇచ్చేయ్' అని, ఇచ్చిన ప్రతిసారీ అంతకంటే మంచిది చేతిలో పెట్టండి. మింగేశాక వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో వద్దు. వెంటనే వెట్‌కి ఫోన్ చేసి ఏమిటి, ఎంత, ఎప్పుడు అన్నది చెప్పండి.

ఎంతసేపు ఒంటరిగా ఉంచొచ్చు?

ఎదిగినదాన్ని నాలుగు గంటలు. మనుషుల్ని అంటిపెట్టుకుని బతికే జాతి ఇది. పెరట్లో ఒంటరిగా వదిలేస్తే తవ్వడం, నమలడం, మొరగడం తప్పవు. పెద్ద పెరడు వ్యాయామం కిందికి రాదు, చాలా కుక్కలు అందులో ఒక మూల పడుకుంటాయి.

వయసు మళ్లాక ఏం మార్చాలి?

ఎనిమిదేళ్లు దాటాక ఒక పెద్ద నడకని మూడు చిన్న నడకలుగా విడగొట్టండి. పూర్తిగా ఆపితే కండ కరిగి కీళ్ల మీద భారం పెరుగుతుంది. కారు ఎక్కడానికి ఏటవాలు పలక, పడుకోవడానికి మందపాటి పరుపు పెట్టండి. ఆరు నెలలకోసారి వెట్ పరీక్ష చేయించండి; ఒంటి మీద తగిలే ప్రతి కొత్త గడ్డనీ సూదితో పరీక్షించమనండి, ముఖ్యంగా గోల్డెన్‌కి.

ముసలి లాబ్రడార్ మొరుగు బొంగురుపోయి, పీల్చే గాలి గరగరమంటుంటే వయసు ప్రభావం అనుకుని వదిలేయకండి. స్వరపేటిక సరిగా తెరుచుకోకపోతే అలా అవుతుంది. అలాంటి కుక్కకి మెడపట్టీ తీసేసి హార్నెస్ వేయండి, ఉక్క రోజుల్లో ఇంట్లోనే ఉంచండి. నాలుక నీలంగా మారితే అది అత్యవసరం.